పొద్దున చల్లని ఇంజను, గంట పని తర్వాత వేడి లిఫ్టు: పాత ట్రాక్టరు కొనేవారి ప్రశ్నలు

చిన్న కమతానికి పాత ట్రాక్టరు కొనడం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మాకు అయిదున్నర ఎకరాలుంది. మూడెకరాలు చెల్క (వానాధార ఎర్ర నేల), మిగతాది బోరు కింద వరి. అదునుకు కిరాయి బండి దొరకట్లేదు. మూడు లక్షల లోపల పాత ట్రాక్టరు తీసుకుందామని చూస్తున్నం. ఎన్ని హెచ్‌పీ కావాలి? ఏ కంపెనీ మంచిది? (జనగామ జిల్లా)

జవాబు: కంపెనీ సంగతికి ముందు మీ పొలంలో ఏడాదికి ఎన్ని గంటల పని ఉందో లెక్క వేయండి. చెల్కలో ఎకరానికి కల్టివేటరు (పళ్ళతో దున్నేది) రెండు సాళ్ళకు గంటా పావు, రొటావేటరు (తిరిగే కత్తులతో మట్టిని పొడి చేసేది) ఒక సాలుకు గంట. మూడెకరాలకు దాదాపు 7 గంటలు. వరికి దమ్ము (నీళ్ళు పెట్టి మడిని బురదగా కలియదున్నడం) ఎకరానికి మూడు గంటలు వేసుకుంటే, రెండున్నర ఎకరాలు, రెండు పంటలు కలిపి 15 గంటలు. అంటే పొలం పని 22 గంటలు. కిరాయి గంటకు 1,200 అనుకుంటే ఏడాదికి 26,400. సొంత బండికి గంటకు నాలుగు, అయిదు లీటర్ల డీజిల్ ఎలాగూ పోయాలి కాబట్టి, మిగిలేది గంటకు ఏడెనిమిది వందలే. 22 గంటల మీద 16,000 చిల్లర. మూడు లక్షల మీద వడ్డీయే అంతకన్నా ఎక్కువవుతుంది. మీ ఊరి కిరాయి రేటు పెట్టి ఈ లెక్క మళ్ళీ వేసుకోండి.

కాబట్టి డబ్బు మిగులుతుందని కొనకండి. అదును కోసం కొనండి. వాన పడ్డ మూడో రోజు దుక్కి చేయలేక పది రోజులు ఆగితే చెల్కలో విత్తనం ఎలా మొలుస్తుందో మీకు మేం చెప్పనక్కర్లేదు. ఆ నష్టం ఉన్నచోట సొంత బండి అర్థవంతమే. అన్నదమ్ములిద్దరు కలిసి కొంటే ఇంకా మేలు. గంటలు రెట్టింపవుతాయి, బండి తుప్పు పట్టదు.

హెచ్‌పీని తేల్చేది మీ పొలంలో అన్నిటికన్నా బరువైన పని. మీకు అది దమ్ము. 5 అడుగుల రొటావేటరు, 9 పళ్ళ కల్టివేటరు లాగాలంటే 35 నుంచి 39 హెచ్‌పీ తరగతి సరిపోతుంది. మహీంద్రా 275, మాస్సీ ఫెర్గూసన్ 1035, స్వరాజ్ 735 ఈ కోవలోవి. మూడూ మూడు సిలిండర్ల బండ్లే. మహీంద్రా 265 (30 హెచ్‌పీ) కూడా చాలు గానీ, దానికి 7 పళ్ళ కల్టివేటరు, నాలుగు లేదా నాలుగున్నర అడుగుల రొటావేటరు మించి తగిలించకండి. చెల్క మాత్రమే ఉండి వరి లేకపోతే 25 హెచ్‌పీ స్వరాజ్ 724తోనో, ఐషర్ 241తోనో గడిచిపోయేది. 50 హెచ్‌పీ బండి చవగ్గా వచ్చినా వద్దు. దాని బరువుకు బోరు కింద మడిలో గట్టి పొర విరిగి, ఏటేటా బండి లోతుకు దిగబడుతుంది.

ఈ మూడింట్లో ఏది అని అడిగితే మా జవాబు ఒకటే: మీ ఇంటికి పదిహేను, ఇరవై కిలోమీటర్ల లోపల ఏ ఇంజను విప్పి బిగించే మెకానిక్ ఉన్నాడో, ఏ బండి క్లచ్ ప్లేటు, నాజిల్, సీలు మండల కేంద్రంలో అదే రోజు దొరుకుతాయో ఆ బండి. జూన్ నెలలో సీలు కోసం హైదరాబాద్ పంపించి మూడు రోజులు ఆగితే, అదును కోసం కొన్న బండి అదునుకే పనికిరాకుండా పోయినట్టు.

చేతిలో మూడు లక్షలుంటే బండికి రెండున్నరకు మించి పెట్టకండి. మిగిలిన యాభై వేలు మొదటి ఏడాది మరమ్మతుకు. ఇంకొక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అమ్మేవారు పాత రేటునే మనసులో పెట్టుకుని ధర చెబుతుండవచ్చు. షోరూంలో అదే మోడల్ కొత్త ధర కనుక్కుని బేరానికి కూర్చోండి.

ప్రశ్న: మెకానిక్‌ని వెంట తీసుకెళ్తాను గానీ, బండి దగ్గర ఏమేం చూడాలో నాకూ తెలిసుండాలి. రంగు వేసిన బండ్లు చూసి రెండుసార్లు మోసపోయాం. వరుసగా చెప్పగలరా? (అద్దంకి ప్రాంతం)

జవాబు: ఇంజనును చల్లగా ఉన్నప్పుడు చూడాలి, లిఫ్టును (వెనక తగిలించిన పనిముట్టును పైకెత్తే హైడ్రాలిక్ ఏర్పాటును) వేడెక్కాక చూడాలి. ఈ వరుస తప్పితే రెండూ మంచివిగానే కనిపిస్తాయి.

పొద్దున ఆరు, ఆరున్నరకు వెళ్ళండి. వస్తున్నామని చెప్పండి గానీ, బండిని స్టార్టు చేయొద్దని ముందే మాట తీసుకోండి. వెళ్ళగానే ఇంజను పక్కన అరచెయ్యి ఆనించండి. గోరువెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్టు చేసి పెట్టారన్నమాట. ఆ రోజుకి టీ తాగి వచ్చేసి, మర్నాడు వెళ్ళండి.

సెల్ఫ్ కొట్టకముందే రెండు మూతలు తీయాలి. రేడియేటర్ మూత తీసి నీళ్ళ మీద నూనె తెట్టు ఉందేమో చూడండి. మూత అడుగున తెల్లటి పేస్టు అంటుకుని ఉన్నా అనుమానించాలి. హెడ్ గ్యాస్కెట్ పోయినా, హెడ్డు పగిలినా, ఆయిల్ కూలర్ ఉన్న బండిలో అది చిల్లుపడినా ఇలా అవుతుంది. తర్వాత ఇంజను ఆయిల్ డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ పై గీత దాటి ఉంటే ‘నిండా పోశాం’ అంటారు. వాసన చూడండి. డీజిల్ వాసన వస్తే ఫీడ్ పంపు డయాఫ్రం చిరిగో, డీజిల్ పంపు సీలు పోయో ఆయిల్‌లోకి డీజిల్ దిగుతున్నట్టు. పలచబడ్డ ఆయిల్‌తో నడిచిన క్రాంక్ బేరింగులు ఎక్కువ రోజులు నిలవవు. ఆయిల్‌ను రెండు వేళ్ళ మధ్య రుద్దండి. బంక మాదిరి మరీ చిక్కగా సాగుతుంటే, పొగ దాచడానికి గేరు ఆయిల్ కలిపి ఉండొచ్చు. ఈ పని కొందరు దళారులు చేస్తారు.

ఇప్పుడు స్టార్టు చేయించి, మీరు సైలెన్సర్ వైపు నిలబడండి. మంచి ఇంజను సెల్ఫ్ రెండు, మూడు సెకన్లు తిరిగేసరికి అందుకుంటుంది. మొదటి నిమిషంలో కాస్త తెల్ల పొగ రావడం సహజం. ఇంజను వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కంప్రెషన్ తగ్గింది, లేదా నాజిల్ సరిగ్గా చిమ్మడం లేదు, లేదా సిలిండర్‌లోకి నీళ్ళు దిగుతున్నాయి. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. రింగులు, లైనర్లు, వాల్వు గైడ్లు అరిగి ఉంటాయి. నల్ల పొగకు మాత్రం వెంటనే భయపడొద్దు. ఎయిర్ క్లీనర్ దుమ్ము పట్టినా, డీజిల్ ఎక్కువ పెట్టినా వస్తుంది. శుభ్రం చేస్తే, పంపు సెట్టింగు సరిచేస్తే పోతుంది.

ఇంజను రేసు ఇవ్వకుండా ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద అరచెయ్యి కాస్త ఎత్తులో పెట్టండి. మెల్లగా ఊపిరి తగిలినట్టుంటే సరే. తెరలు తెరలుగా పొగ తన్నుకొస్తూ చేతికి ఆయిల్ తుంపర పడుతుంటే, పిస్టన్ పక్కనుంచి మంట గాలి కిందికి దిగుతోంది. దానికి ఇంజను దించాల్సిందే. పెయింటు ఎంత బాగున్నా, టైర్లు ఎంత కొత్తవైనా ఈ ఒక్క పరీక్షలో పోయిన బండికి ఇంజను పని ఖర్చు తీసేసి బేరమాడండి. మూడు లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్ సెట్టు, వాల్వు సీటు పని, పంపు–నాజిల్ టెస్టింగు, మెకానిక్ కూలీ కలిపి ఎంతవుతుందో ముందే విడిభాగాల షాపులో రాయించుకుని ఆ చీటీ జేబులో పెట్టుకెళ్ళండి.

థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్ వైపు వెళ్ళనివ్వని వాల్వు) ఉందో తీసేశారో కూడా అడగండి. వేడెక్కుతోందని చాలామంది దాన్ని పీకి పారేస్తారు. అది లేని ఇంజను ఎప్పుడూ చల్లగా నడుస్తుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, లైనర్లు త్వరగా అరుగుతాయి. అసలు జబ్బు రేడియేటర్‌లో బోరు నీళ్ళ సున్నం.

తర్వాత పొలంలోకి పదండి. కల్టివేటరు దింపి లో–సెకండ్‌లో అరగంట, వీలైతే గంట లాగించండి. గేరు లివర్ మీద చెయ్యి వేసి ఉంచండి. లోడులో ఒక్కసారి గేరు దానంతటదే ఊడినా గేర్‌బాక్సు విప్పాలి. క్లచ్ చూడడానికి చదునైన చోట, ముందు ఎవరూ లేకుండా, రెండు బ్రేకులూ గట్టిగా తొక్కి, టాప్ గేరులో మెల్లగా క్లచ్ వదలండి. ఇంజను ఆగిపోతే క్లచ్ ప్లేటు బాగున్నట్టు. ఆగకుండా రొదపెడుతూ తిరుగుతుంటే ప్లేటు జారుతోంది. ఒకసారి చేస్తే చాలు. పదిసార్లు చేస్తే బాగున్న ప్లేటూ కాలుతుంది.

గంట పని తర్వాత, గేరుహౌసింగు మీద చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నప్పుడు, లిఫ్టు సంగతి చూడండి. హైడ్రాలిక్ ఆయిల్ చల్లగా చిక్కగా ఉన్నప్పుడు అరిగిన పంపు కూడా బరువు లేపుతుంది. వేడికి ఆయిల్ పలచబడ్డాకే అసలు రూపం బయటపడుతుంది. రొటావేటరు తగిలించి పూర్తిగా లేపి, ఇంజను ఆపి, దాని కిందికి ఎవరూ వెళ్ళకుండా చూసి, నేల నుంచి ఎత్తు జానతో కొలవండి. పది నిమిషాల్లో నాలుగు వేళ్ళు దిగినా పాత బండికి ఫర్వాలేదు. రెండు నిమిషాల్లో నేలకు ఆనితే లిఫ్టు సిలిండర్ సీళ్ళో, కంట్రోల్ వాల్వో పోయినట్టు. సగం లేచి వణుకుతుంటే ముందు ఫిల్టరు, ఆయిల్ మట్టం చూడండి, తర్వాతే పంపును అనుమానించండి. వేడిలోనే ఆయిల్ ప్రెషర్ గేజీ కూడా చూడండి. ఐడిల్‌లో ముల్లు ఎర్ర గీతలోకి పడిపోతే బేరింగులు వదులయ్యాయి. చిక్కటి ఆయిల్ పోసి దాచిన గుట్టు కూడా ఇక్కడే బయటపడుతుంది.

మీటర్లో గంటలు చూసి మురిసిపోకండి. కేబుల్ పీకేస్తే మీటరు తిరగదు. బ్రేకు, క్లచ్ పెడల్ రబ్బర్లు, వాటి కింద ఇనుము అరుగుదల, ట్రక్కు (వెనక తగిలించే ట్రాలీ) పిన్ను పట్టే రంధ్రం గుండ్రంగా ఉందో కోడిగుడ్డులా సాగిందో, లోయర్ లింకు బాల్స్ (పనిముట్టు తగిలించే కింది చేతుల చివరి గుండ్లు) ఎంత వదులో చూడండి. మీటరు 2,000 గంటలు చూపిస్తూ పిన్ను రంధ్రం సాగిపోయి ఉంటే, ఆ బండి ఇసుకో ఇటుకో తోలింది. ముందు ఇరుసును జాకీతో లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. టక్‌టక్‌మంటే హబ్బు బేరింగో కింగ్‌పిన్నో వదులైంది. పెద్ద ఖర్చు కాదు గానీ బేరంలో చెప్పుకోదగ్గదే. టైర్ల పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 3218 అంటే 2018లో 32వ వారం తయారీ. కట్లు ఎత్తుగానే ఉన్నా పక్క గోడలు ఎండకు పగిలితే ఆ టైరుకు ధర కట్టొద్దు.

ప్రశ్న: దమ్ము చేసిన 275 ట్రాక్టరు కొన్నాను. వెనక గేరు ఆయిల్ చూస్తే పాలు కలిపిన కాఫీలా ఉంది. ‘డెల్టా బండ్లకు అంతేనండి, ఏం కాదు’ అంటున్నారు. నిజమేనా? (తణుకు దగ్గర)

జవాబు: డెల్టా బండ్లలో ఎక్కువగా కనిపించే మాట నిజం, ఏం కాదన్నది నిజం కాదండి. ఆ రంగు నీళ్ళది. మీ బండిలో గేర్లు, డిఫరెన్షియల్, హైడ్రాలిక్ పంపు ఒకే ఆయిల్‌లో ఉంటే, ఆ నీళ్ళే పంపులోకీ వెళ్తున్నాయి. బేరింగుల మీద తుప్పు చుక్కలు లేస్తాయి. కొన్నాళ్ళకు వెనక నుంచి ఊళ పెట్టినట్టు శబ్దం మొదలవుతుంది.

నీళ్ళు ఎంతున్నాయో తెలుసుకోవడం తేలిక. బండిని చదునైన చోట రాత్రంతా కదపకుండా నిలపండి. పొద్దున్నే కింద డ్రెయిన్ బోల్టు పూర్తిగా తీయకుండా వదులు చేసి, కింద గాజు సీసా పెట్టండి. ఆయిల్‌లో కలవని నీళ్ళు అడుక్కి చేరి ఉంటాయి కాబట్టి ముందు అవే కారతాయి. నాలుగు చుక్కలొచ్చి ఆయిల్ మొదలైతే గాలిలో తేమ అనుకోవచ్చు. అర గ్లాసు వస్తే ఎక్కడో సీలు పోయింది.

దమ్ములో నీళ్ళు ఎక్కువగా వెనక ఇరుసు సీళ్ళ నుంచి, పీటీవో షాఫ్టు (రొటావేటరు వంటివాటిని తిప్పే వెనక కడ్డీ) సీలు నుంచి, చిరిగిన గేరు లివర్ రబ్బరు నుంచి, బ్రీతర్ (గాలి ఆడే చిన్న రంధ్రం) నుంచి లోపలికి పోతాయి. ముందు ఆ సీళ్ళు మార్పించండి. సీళ్ళు మార్చకుండా ఆయిల్ మారిస్తే ఆ డబ్బు మడిలో పోసినట్టే. తర్వాత బండిని అరగంట నడిపి ఆయిల్ వేడిగా ఉండగా దించండి. అదే గ్రేడులో తక్కువ ధర ఆయిల్ పోసి, గంటసేపు లోడు లేకుండా నడిపి, లిఫ్టును పదిసార్లు లేపి దించి, ఆ ఆయిల్ కూడా కార్చేయండి. అప్పుడు ఫిల్టరు మార్చి మంచి ఆయిల్ పోయండి. ఈ తరగతి బండికి పాతిక లీటర్లు దాటుతుంది, ఖర్చు లెక్కలో పెట్టుకోండి. డీజిల్ పోసి కడగమని కొందరు చెబుతారు. హైడ్రాలిక్ పంపుకు డీజిల్‌లో జిడ్డు చాలదు. పంపు గీతలు పడుతుంది. ఆ పని చేయకండి.

క్లచ్ హౌసింగు అడుగున ఒక చిన్న రంధ్రం, దానికి ప్లగ్గు ఉంటుంది. దమ్ముకు దిగేముందు ఆ ప్లగ్గు బిగించాలి. దమ్ము అయిపోగానే తీసి లోపల చేరిన నీళ్ళు, ఆయిల్ కార్చేసి, తెరిచే ఉంచాలి. చాలామంది మొదటి పని చేసి రెండోది మరిచిపోతారు. క్లచ్ ప్లేటు తడిసి పట్టేసిందని మెకానిక్ దగ్గరికి తీసుకొచ్చే బండ్లలో ఆ ప్లగ్గు బురదతో బిగుసుకుపోయి కనిపిస్తుంది. మీ బండికి ఇప్పుడే పడుకుని చూడండి.

దమ్ముకు తగిలించే ఇనుప చక్రాలు, అంటే కేజ్ వీల్స్‌తో గట్లు ఎక్కిన బండ్లలో ఇరుసు గొట్టం, మధ్య హౌసింగు కలిసే చోట బోల్టులు వదులవుతాయి, కొన్నిసార్లు పగులుతాయి. అక్కడ కొత్త వెల్డింగు, దాని మీద కొత్త రంగు కనిపిస్తే ఎందుకు చేశారో అడగండి. ఇకముందు డెల్టాలో కొనేవారికి మా సలహా: డ్రై బ్రేకుల బండి కన్నా ఆయిల్ బ్రేకుల (ఆయిల్ లోపల మునిగి ఉండే బ్రేకుల) బండికి పది, పదిహేను వేలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

ప్రశ్న: మహారాష్ట్ర వైపు బండ్లు చవగ్గా దొరుకుతున్నాయి. ఆర్సీ 15 ఏళ్ళు దాటినా ఫర్వాలేదంటున్నారు. కాగితాల్లో ఏం చూడాలి? (ఆదిలాబాద్)

జవాబు: చవక ఎందుకో కాగితాల్లోనే తెలుస్తుంది. ఒక గుడ్డ, కాస్త డీజిల్ పట్టుకెళ్ళి ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు మీద మురికి తుడిచి, ఆర్సీతో అంకె అంకె సరిచూడండి. అంకెల చుట్టూ గ్రైండింగు గీతలున్నా, ఒక అంకె మిగతావాటి కన్నా లోతుగా ఉన్నా ఆ బండి వద్దు. ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

ఆర్సీ మీద బ్యాంకు లేదా ఫైనాన్సు పేరుంటే, అప్పు తీరిందన్న నోటి మాట చాలదు. ఫైనాన్సు వాళ్ళు అభ్యంతరం లేదని రాసిచ్చే ఎన్‌ఓసీ, వాళ్ళు సంతకం చేసిన ఫారం 35 చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30. ఆర్సీ ఉన్న మనిషి చనిపోయి వారసులు అమ్ముతుంటే ముందు వాళ్ళ పేరు మీదికి ఫారం 31తో మారాలి. వేరే రాష్ట్రం బండి కాబట్టి అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28లో ఎన్‌ఓసీ తప్పనిసరి. అమ్మినాయన రాష్ట్రం లోపలైతే 14 రోజుల్లో, బయటికైతే 45 రోజుల్లో తెలియజేయాలి. కొన్న మీరు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలు దాటి ఇక్కడ ఉంచకూడదు, ఇక్కడ రిజిస్టరు చేయించాలి. తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకుని తిప్పితే, రేపు ఏదైనా ప్రమాదం జరిగినప్పుడు అమ్మినాయనా మీరూ ఇద్దరూ ఇరుక్కుంటారు.

15 ఏళ్ళు దాటితే బండిని తనిఖీ చేయించి ఫారం 25తో ఆర్సీ రెన్యువల్ చేయించాలి. అది అయిదేళ్ళకు వస్తుంది. రెన్యువల్ అమ్మేవారి చేతే, వాళ్ళ ఆర్టీఓలోనే చేయించి ఇవ్వమనండి. ట్రక్కు కూడా కొంటుంటే దానికి వేరే ఆర్సీ ఉంటుంది, అడిగి తీసుకోండి. వ్యవసాయానికని రిజిస్టరైన బండితో కిరాయికి ఇసుక తోలుతూ ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేసే అవకాశం ఎక్కువ. ట్రక్కులో మనుషులను ఎక్కించినా అంతే. బీమా పేరు మార్పుకు కొన్న 14 రోజుల్లో దరఖాస్తు చేయండి.

ప్రశ్న: మా బంధువుల హెచ్‌ఎంటీ బండి లక్ష లోపే ఇస్తామంటున్నారు. ఇంజను బ్రహ్మాండంగా ఉంది. తీసుకోవచ్చా? (కర్నూలు)

జవాబు: ఇంజను మంచిదే అయివుంటుంది. జెటార్ అనే విదేశీ కంపెనీ సాంకేతికతతో వచ్చిన ఆ ఇంజన్లు గట్టివని పేరు. కానీ ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. విడిభాగాలు ఇప్పుడు పాత నిల్వల్లోనో, విప్పేసిన బండ్లలోనో వెతుక్కోవాలి. నీళ్ళ ట్యాంకరు లాగడానికి, బోరు దగ్గర పీటీవోతో పంపు తిప్పడానికి అయితే తీసుకోండి. మీ దుక్కి మొత్తం దాని మీదే ఆధారపడితే వద్దు.

ప్రశ్న: నాలుగెకరాల మామిడి తోట. పెద్ద ట్రాక్టరుతో కొమ్మలు విరుగుతున్నాయి. పాత మినీ ట్రాక్టరు కొనాలనుకుంటున్నాను. మందు కొట్టడానికి కూడా వాడొచ్చా? (నూజివీడు)

జవాబు: ముందు తోటలో కొమ్మల కింద ఎత్తు, చెట్ల వరసల మధ్య ఖాళీ టేపుతో కొలవండి. వీఎస్టీ శక్తి 180డి, మహీంద్రా యువరాజ్ 215, కుబోటా బి2441 వంటివి తోటల్లో తిరిగేందుకు వీలైన బండ్లు. యువరాజ్ 15 హెచ్‌పీ, ఒకే సిలిండరు. కలుపు దున్నడానికి, చిన్న ట్రక్కుకు సరే. పెద్ద ఫ్యాను ఉన్న స్ప్రేయరు తిప్పాలంటే 24 హెచ్‌పీ వైపు వెళ్ళండి. స్ప్రేయరు నిండా నీళ్ళుంటే ఎంత బరువో కూడా లెక్క చూడండి. 400 లీటర్ల ట్యాంకు అంటే నీళ్ళే 400 కిలోలు. చిన్న బండికి వెనక తగిలిస్తే ముందు చక్రాలు తేలిపోతాయి. దానికన్నా చక్రాల మీద లాక్కెళ్ళే స్ప్రేయరు మేలు.

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే (ఫోర్ వీల్) మినీ బండి పాతది కొంటే చూడాల్సిన ముఖ్యమైన సంగతి టైర్ల సైజు. ముందు చక్రం ఎన్ని చుట్లు తిరగాలి, వెనక చక్రం ఎన్ని తిరగాలి అన్నది కంపెనీ ఆ సైజుకు కట్టిన లెక్క. ముందు టైర్లు దొరక్క ఎవరో వేరే సైజు వేసుంటే, ఫోర్‌వీల్ వేసిన ప్రతిసారీ ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. చివరికి ముందు ఇరుసు గేర్లు విరుగుతాయి. మాన్యువల్‌లో ఉన్న సైజులే టైర్ల మీద ఉన్నాయో లేదో చదివి చూడండి. ముందు టైర్లు మాత్రమే బాగా అరిగి ఉంటే రోడ్డు మీద కూడా ఫోర్‌వీల్ తీయకుండా తిప్పారని అర్థం. నిలువు సైలెన్సర్ ఉంటే కొమ్మలకు తగలకుండా కిందికి తిప్పే ఏర్పాటు ఆ మోడల్‌కు దొరుకుతుందేమో షోరూంలో అడగండి.

ప్రశ్న: బండి కొని ఇంటికి తెచ్చాను. పనిలో దించేముందు ఏమేం మార్పించాలి? ఇంకో సంగతి, ట్రక్కు లోడుతో ఎత్తు ఎక్కుతుంటే ముందు చక్రాలు తేలికవుతున్నాయి. (సూర్యాపేట)

జవాబు: అమ్మినవారు ‘మొన్నే మార్చాం’ అన్నా సరే, ఇంజను ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, రెండు డీజిల్ ఫిల్టర్లు మార్పించండి. మూడు సిలిండర్ల ఇంజనుకు ఆయిల్ 6 నుంచి 8 లీటర్లు పడుతుంది. 15డబ్ల్యూ–40 గ్రేడు. మార్చిన తేదీ, గంటలు ఫెండరు లోపల పెయింటుతో రాసుకోండి. తర్వాత ప్రతి 250 గంటలకు మార్చాలి. మీ పని ఏడాదికి వంద గంటలు దాటకపోతే, గంటలతో పని లేకుండా ఏడాదికోసారి మార్చండి.

పాత బండ్లలో ఎయిర్ క్లీనర్ అడుగున ఆయిల్ గిన్నె ఉంటుంది. దాన్ని దించి, అడుగున పేరుకున్న మట్టి ముద్ద తీసేసి, డీజిల్‌తో కడిగి, గీత వరకే కొత్త ఆయిల్ పోయండి. గీత దాటితే ఇంజను ఆ ఆయిల్‌ను పీల్చుకుంటుంది. తక్కువైతే దుమ్ము నేరుగా లైనర్లలోకి పోతుంది. ఎర్ర దుమ్ములో రొటావేటరు వేసే రోజుల్లో రోజూ సాయంత్రం చూడాలి. చిన్న ఇంజన్లను త్వరగా చంపేది ఈ దుమ్మే.

డీజిల్ ఫిల్టర్లు మార్చాక గాలి తీయకపోతే బండి స్టార్టవదు. ఫిల్టరు మీద ఉన్న చిన్న బోల్టు వదులు చేసి, ఫీడ్ పంపు లివరును చేత్తో కొడుతూ ఉండండి. ముందు నురగ వస్తుంది. బుడగలు లేకుండా డీజిల్ ధార వచ్చాక, పంపు ఆపకుండానే బోల్టు బిగించండి. తర్వాత డీజిల్ పంపు మీద ఉన్న బోల్టుకూ ఇదే పని. రేడియేటర్‌ను కడిగించి బోరు నీళ్ళకు బదులు కూలెంట్ పోయండి. ఫ్యాను బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం లోపలికి వెళ్ళాలి. గ్రీజు నిపుల్స్ అన్నిటికీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి. గాలి ముందు టైర్లలో 30 పౌండ్ల దగ్గర, వెనక వాటిలో పొలానికి 12 నుంచి 14, ట్రక్కు లోడుకు 16 నుంచి 18 ఉంచండి. పీటీవో షాఫ్టు మీద కవరు లేకపోతే, రొటావేటరు వేయకముందే కొనండి. పంచె కొంగు, చీర చెంగు చుట్టుకుంటే విడిపించే సమయం ఉండదు.

ముందు చక్రాలు తేలిక కావడాన్ని మాత్రం వాయిదా వేయకండి. మీ ట్రక్కును దేనికి తగిలిస్తున్నారో ముందు చూడండి. టాప్ లింకు బ్రాకెట్‌కో, ఇరుసు కన్నా ఎత్తులో ఉన్న కొక్కేనికో తగిలిస్తే లాగిన ప్రతిసారీ ముక్కు లేస్తుంది, బండి వెనక్కి తిరగబడుతుంది. అది జరగడానికి ఒకటి, రెండు సెకన్లు చాలు, క్లచ్ తొక్కే వ్యవధి కూడా దొరకదు. ఇరుసు కన్నా కిందికి ఉన్న ఇనుప పట్టీ, అంటే డ్రాబార్‌కే తగిలించండి. రెండు చక్రాల ట్రక్కు అయితే లోడు ముక్కు వైపు కుప్ప పోయకుండా ట్రక్కు ఇరుసు మీదికి వచ్చేలా సర్దండి. ముందు బంపరుకు కంపెనీ వెయిట్లు తగిలించండి. ఎత్తు ఎక్కేముందే లో గేరులోకి మారి, రెండు బ్రేకు పెడళ్ళనూ కలిపి ఉంచే లాకు వేసి, క్లచ్ మెల్లగా వదలండి. ఇన్ని చేశాక కూడా తేలుతుంటే ఆ దారిలో లోడు సగానికి తగ్గించి రెండుసార్లు తోలండి.